మాటకు పూచీ ఎవరిది?

ఒకరు చెప్పిన మాటను మనం మరొకరికి అందించినప్పుడు, దాని నిజానిజాలకు పూచీ ఎవరిది? ప్రశ్న పాతదే. 2020లో కోవిడ్ వ్యాపించిన నాళ్ళలో అది మన చేతిలోని ఫోనులోకి వచ్చి నిలిచింది.

ఆ నెలలలో మనకు అందిన సందేశాలు తరచుగా ఏదో ఒక గ్రంథాన్నో, సంస్థనో సాక్షిగా పిలిచేవి. వేడికి వైరస్ చచ్చిపోతుందని, ఐస్‌క్రీము తినరాదని యూనిసెఫ్ పేరుతో ఒకటి తిరిగింది. అది తమ మాట కాదని ఆ సంస్థ ప్రకటించింది. పది సెకన్లు ఊపిరి బిగబట్టగలిగితే రోగం లేనట్లేనని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పేరుతో మరొకటి వచ్చింది, అదీ కల్పితమే. డీన్ కూంట్జ్ 1981లో ప్రచురించిన నవల ఈ వ్యాధిని ముందే చెప్పిందంటూ ఒక పుట చిత్రాన్ని పంచుకున్నారు. తొలి ముద్రణలో ఆ కల్పిత క్రిమికి ఉన్నది రష్యా నగరం పేరు. వూహాన్ పేరు తరువాతి ముద్రణలలో చేరింది.

ఈ తీరు మనవారికి కొత్త కాదు. వేమన మకుటం తగిలించి ఇతరులు అల్లిన పద్యాలు ఎన్నో ఉన్నాయి. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించిన సి.పి. బ్రౌన్ అందుకోసం అనేక వ్రాతప్రతులను సేకరించి పరిశీలించవలసి వచ్చింది. మకుటం ఉన్నంత మాత్రాన పద్యం వేమనది కాదు.

న్యాయశాస్త్రం ఆప్తుని మాటను ప్రమాణంగా అంగీకరిస్తుంది. విషయాన్ని ఉన్నది ఉన్నట్లు ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లే చెప్పగోరేవాడు ఆప్తుడని భాష్యకారుడైన వాత్స్యాయనుడు వివరించాడు. ఈ లక్షణం ఋషులకు, ఆర్యులకు, మ్లేచ్ఛులకు సమానమేనని కూడా అన్నాడు. కనుక గ్రంథం ఎంత ప్రాచీనమైనా, సంస్థ పేరు ఎంత గొప్పదైనా, ఆ పేరొక్కటే ప్రమాణం కాజాలదు. రోగాన్ని పరీక్షించి ఎరిగిన వైద్యురాలు, ఏ దేశస్థురాలైనా, ఆ విషయంలో ఆప్తురాలే.

అయితే తెలుగులో ఆప్తుడంటే మనకు కావలసినవాడు అని కూడా అర్థం. చిక్కంతా ఇక్కడే ఉన్నది. సందేశం అందుకున్న పెద్దమ్మ స్టాన్‌ఫర్డ్ సంగతి విచారించదు. పంపినది తన కోడలు గదా అని నమ్ముతుంది. పరీక్ష చేయించుకోవలసిన రోజున ఊపిరి బిగబట్టి చూసుకుని ఊరుకుంటుంది. ఆమె నమ్మినది గ్రంథాన్ని కాదు, మనలను.

మంచి మనసుతోనే పంపితిమి గదా అని మనం అనవచ్చును. మంచి మనసు ఆప్తుని లక్షణంలో సగమే. ఎరుక అనే రెండవ సగం లేనిదే ఆ మాట ప్రమాణం కాదు.

గ్రంథాల మాట ఎత్తడమే తప్పని మేము అనడం లేదు. దక్షిణాఫ్రికాలో అంత్యక్రియలకు 50 మందికి మించి చేరరాదన్న నియమం ఉన్నప్పుడు, గడప దాటలేని బంధువులు ఫోనులో పంపిన శ్లోకమే దుఃఖితులకు తోడైంది. ధైర్యానికై పంపిన శ్లోకాన్ని రుజువు అడగనక్కరలేదు. అదే శ్లోకాన్ని మందుకు బదులుగా పంపితే, రుజువు అడగక తప్పదు.

1860 మొదలు మద్రాసు రేవు నుండి నేటాలుకు ఒప్పందపు కూలీలుగా వచ్చిన మన పూర్వులలో చదువురానివారు ఎందరో. ఊరినుండి ఉత్తరం వస్తే మరొకరిచేత చదివించుకోవలసినదే. చదివేవారు ఒక్క మాట కలిపినా వినేవారికి తెలిసే దారి లేదు. నేడు ఫోనులో మాటను ముందుకు పంపే మనమందరమూ ఆ చదివేవారి స్థానంలోనే ఉన్నాము. ఎరిగినది అందించడం మన ధర్మం. ఎరుగనప్పుడు "మాకు తెలియదు" అనడం కూడా ఆప్తుని మాటే.