అతిథి వెళ్ళిన పిమ్మట

తిరుమల యాత్ర ముగించుకొని వచ్చిన గృహస్థు శ్రీ వేంకటేశ్వర సమారాధన చేయడం తెలుగునాట తరతరాల ఆచారం. ఆనాడు దీపారాధన, గోవిందనామస్మరణ, బంధువులకు, భాగవతులకు భోజనం జరుగుతాయి. వచ్చినవారిని స్వామి స్వరూపంగానే భావించి, కాళ్ళకు నీళ్ళిచ్చి, గంధం పూసి, విస్తరి వేసి కొసరి కొసరి వడ్డిస్తారు. అందరూ తృప్తిగా భుజించి, తాంబూలం అందుకొని సెలవు తీసుకుంటారు. అప్పుడు యజమాని అరుగు మీద కండువా పరచుకొని, "స్వామి దయవల్ల కార్యం చక్కగా జరిగిపోయింది" అంటూ నడుము వాలుస్తాడు.

కార్యం అప్పటికి నిజంగా జరిగిపోయినదా? పెరటివైపు వెళ్ళి చూస్తే సందేహం కలుగుతుంది. ఎంగిలి విస్తళ్ళు కుప్పపడి ఉంటాయి. గుండిగల అడుగున అంటుకొన్న పరమాన్నం ఎండిపోతూ ఉంటుంది. పందిట్లో మెతుకులు, ఒలికిన చారు, చీమల బారులు. ఇరుగుపొరుగు నుండి తెచ్చిన గంగాళాలు ఎవరివి వారికి చేర్చవలసి ఉన్నది. తెల్లవారుజామున లేచి మడి కట్టుకొన్న ఇల్లాలు ఇంకా విస్తరి ముందు కూర్చోలేదు. అంట్లు తోమే మనిషి నడుము ఎత్తకుండా తోముతున్నది. యజమాని దృష్టిలో సమారాధన ముగిసినది. ఈ ఇద్దరికీ అది సగమే అయినది.

అతిథి రాకకు ముందు చేసే శుద్ధికి లోకంలో గౌరవం ఉన్నది. తిరుమలలో ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఈ 4 పర్వాలకు ముందు వచ్చే మంగళవారం నాడు కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం జరుగుతుంది. మూలమూర్తిని వస్త్రంతో కప్పి, గోడలు, కప్పు, పూజాసామగ్రి శుభ్రపరచి, నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరిపసుపు, గడ్డకర్పూరం, కిచ్చిలిగడ్డ మొదలైన ద్రవ్యాలు కలిపిన పరిమళజలాన్ని ప్రోక్షిస్తారు. దానిని చూడగలగడమే భాగ్యమని భక్తులు తలుస్తారు. పండుగకు ముందు ఇల్లు అలికి ముగ్గు పెట్టే గృహిణిని కూడ నలుగురూ మెచ్చుకుంటారు. విందు అనంతరం చేసే శుద్ధికి అట్టి పేరూ లేదు, మెచ్చుకొనేవారూ లేరు.

ఆలయం మాత్రం ఈ భేదం పాటించదు. సుప్రభాతం పిమ్మట శుద్ధి జరిగి, నిన్నటి పూలమాలలు తొలగించనిదే నేటి తోమాల సేవ లేదు. నిర్మాల్యం తీయడం నిన్నటి పూజకు ముగింపో, నేటి పూజకు ఆరంభమో విడదీసి చెప్పడం కష్టం. 1985లో కొండపై ప్రారంభమైన నిత్యాన్నదానంలోనూ ఇదే కనబడుతుంది. ఒక పంక్తి లేవగానే ఆకులు తీసి బల్లలు తుడిచే చేతుల విలువ వాకిట ఆకలితో నిలిచిన యాత్రికునికి తెలుస్తుంది. ముందటివారి ఎంగిలి ఎత్తడమే అతనికి లభించే తొలి స్వాగతం.

విందు ఎట్టిదో విందు ముగిసిన నేలను బట్టి నిర్ణయించిన కథ మహాభారతం అశ్వమేధపర్వంలో ఉన్నది. కురుక్షేత్రంలో ఉంఛవృత్తితో జీవించే ఒక విప్రుడు, భార్య, కొడుకు, కోడలు కరవుకాలంలో దొరికిన కొద్దిపాటి పిండిని నాలుగు పాళ్ళు చేసుకొని కూర్చున్న వేళ అతిథి వచ్చాడు. నలుగురూ ఒకరి వెనుక ఒకరు తమ పాలు అతనికి సమర్పించారు. అక్కడ రాలిన పిండి నలుసులలో, ఒలికిన నీటి తడిలో పొర్లిన ముంగిసకు సగం దేహం బంగారమైనది. మిగిలిన సగం కోసం ఎన్నో యజ్ఞవాటికలు తిరిగి, చివరకు ధర్మరాజు అశ్వమేధశాలలో పొర్లినా దాని కోరిక తీరలేదు. వడ్డనలోని వైభవంతోగాని, వందిమాగధుల పొగడ్తతోగాని దానికి పని లేదు. నేల మీద మిగిలినదే దానికి ప్రమాణం.

ఆ ముంగిస నేటి పందిళ్ళ వెనుకకు వస్తే ఏమి దొరుకుతుంది? కొరికి విడిచిన బూరెలు, కలిపి వదిలిన అన్నం. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ గ్లాసులు, పళ్ళాలు 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధింపబడినవి. ఐనప్పటికీ వీధి కాలువలలో అవి తేలుతూనే ఉన్నవి. అడ్డాకు విస్తరి నాలుగు వానలకు మట్టిలో కలిసిపోయేది. ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి విసిరిన ఎంగిలి అన్నం కోసం ఆవు ఆ సంచిని కూడ మింగుతుంది. ఉదయం గోపూజ చేసిన ఇంటివారే సాయంకాలం గోవుకు ఈ గ్రాసం పెడుతున్నారు!

మడితో ఉన్నవారు ఎంగిలి తాకవచ్చునా అని కొందరు పెద్దలు అడుగుతారు. ఆ ప్రశ్నను తోసివేయనక్కరలేదు. కాని మడి వంటకు, నివేదనకు విధింపబడినది; ఆ పని ముగిసిన పిమ్మట స్నానం ఉండనే ఉన్నది. అశుచి అని తాను తాకనిదానిని మరొకరిచేత ఎత్తించి, ఎత్తిన మనిషినే అశుచి అనడం మాత్రం ధర్మం అనిపించుకోదు.

అట్టి మనిషి కుమారుని కథ భాగవతం ప్రథమస్కంధంలో నారదుడు స్వయంగా వ్యాసునికి చెప్పినది. పూర్వజన్మంలో ఆయన దాసీపుత్రుడు. తల్లి వేదవిదుల ఇంట ఊడిగం చేసేది. వర్షాకాలంలో అక్కడ బస చేసిన యోగుల పరిచర్యకు ఆ బాలుని నియమించారు. అతడు ఆటలు మాని, మితంగా మాట్లాడుతూ సేవించాడు. వారి అనుమతితో వారు భుజించగా మిగిలినది తిన్నాడు. వారు గానం చేసిన కృష్ణకథలు విన్నాడు. వెళ్ళేముందు యోగులు పరమగుహ్యమైన జ్ఞానాన్ని ఆ బాలునికి ఉపదేశించారు. వారికి ఆతిథ్యమిచ్చిన యజమానుల పేర్లు భాగవతంలో లేవు. ఈ కథను సాకుగా తీసుకొని పనివారికి అడుగుబొడుగు పెట్టేవారూ లేకపోలేదు. యోగుల శేషం ప్రసాదం. చుట్టాల విస్తళ్ళలో మిగిలిన కూర అట్టిది కాదు.

రాజసూయంలో శ్రీకృష్ణుడు ఎంగిలాకులు ఎత్తాడని ప్రవచనాలలో వినబడుతుంది. దశమస్కంధంలో ఆయనకు చెప్పబడిన పని అతిథుల పాదాలు కడగడం. ఏకాదశస్కంధంలో మాత్రం ఆ స్వామియే ఉద్ధవునికి తన మందిరాన్ని ఊడ్చి, అలికి, నీళ్ళు చల్లి, ముగ్గు వేయడం భక్తిలక్షణంగా బోధించాడు. దాసుని వలె, కపటం లేక చేయాలన్నాడు. చేసినదానిని చాటుకొనరాదని కూడ ఆ వెంటనే చెప్పాడు. అతిథులను స్వామిగా పూజించిన ఇల్లు ఆనాటికి స్వామి మందిరం కాదా?

ఈ భావంతోనే సమారాధనలో ఇంకొక పంక్తి ఉన్నదని తలచే గృహస్థులు ఉన్నారు. అతిథులు వెళ్ళగానే వారు అరుగు మీదికి పోరు. ఇల్లాలికి, వంటకు సాయపడినవారికి, అంట్లు తోమే మనిషికి శుభ్రమైన విస్తళ్ళు వేసి, ముందే విడిగా తీసి ఉంచిన పులిహోర, పరమాన్నం తామే వడ్డిస్తారు. వారు లేచిన పిమ్మట ఆ విస్తళ్ళు తామే ఎత్తి, చీపురు అందుకుంటారు.