మేరువుకు ఆవల తెల్లని దీవి

తిరువూరు దగ్గరి పెనుగొలనులో పెళ్లయినా, గృహప్రవేశమైనా సంకల్పంలో పురోహితుడు ముందు చోటు చెబుతారు: మేరువుకు దక్షిణాన, శ్రీశైలానికి ఈశాన్యాన, కృష్ణా గోదావరుల నడుమ. ఊరి ఉనికి మేరువు నుంచే లెక్క. ఆ మేరువుకు అవతల ఏముంది? పాలసముద్రానికి ఉత్తరాన, మేరువు మీదుగా 32,000 యోజనాల ఎత్తున శ్వేతద్వీపం ఉందంటుంది మహాభారతం శాంతిపర్వంలోని నారాయణీయం. అక్కడివాళ్లు వెన్నెల రంగులో ఉంటారు. తిండి తినరు, రెప్ప వాల్చరు, ఇంద్రియాలు లేవు. నారాయణుణ్ణి తప్ప మరొకరిని తలచరు.

పేరులోని తెలుపు చాలామందిని దారి మళ్లించింది. ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి ఫ్రాన్సిస్ విల్‌ఫర్డ్ అది బ్రిటనేనన్నాడు. తన దగ్గరి పండితుడు రాతప్రతులు మార్చి మోసగించాడని 1805లో తానే ప్రకటించినా ఆ వాదం మానలేదు. తర్వాత జర్మన్ పండితుడు వేబర్ ఆ దీవిలో క్రైస్తవ దేశపు జాడ చూశాడు. భండార్కర్ మాత్రం అది నారాయణుడి దివ్యలోకమేనన్నారు. కథను చివరిదాకా చదివితే ఆయన మాటే నిలుస్తుంది.

ఏకతుడు, ద్వితుడు, త్రితుడు బ్రహ్మ మానసపుత్రులు. వేల ఏళ్లు తపస్సు చేసి ఆ దీవి చేరారు. చేరగానే కళ్లు బైర్లు కమ్మాయి. మరో నూరేళ్లు తపస్సు చేస్తే దీవి మనుషులు కనిపించారు. అంతలో వెయ్యి సూర్యుల వెలుగు లేచింది. వాళ్లంతా చేతులు జోడించి అటు పరుగెత్తారు. మునులకు మాత్రం జయధ్వానాలు వినిపించాయే తప్ప దేవుడు కనిపించలేదు. భక్తి లేనివాడికి ఆయన కనబడడు, వెళ్లిపొండని ఆకాశవాణి పలికింది.

బ్రహ్మ కొడుకులకే దొరకని చూపుకు పుట్టుకతో, ఒంటి రంగుతో ఏం పని? ఆ మనుషులు ఏ పాపమూ అంటనివారని వ్యాసుడు విడిగా చెప్పాడు. తెలుపంటే ఆ నిర్మలత్వమే.

నారదుడికి మాత్రం దర్శనమైంది, విశ్వరూపంతో. అయితే నారాయణుడు అక్కడే చెప్పేశాడు: నువ్వు చూస్తున్న ఈ రూపం నేను కల్పించిన మాయ, నేను ఇంతేననుకోకు. ఆ మాట విని నారదుడు తాను బయల్దేరిన బదరికే తిరిగొచ్చాడు. చూశావా అని అక్కడి నరనారాయణ ఋషులు అడిగితే, చూశాను, అక్కడ చూసిన లక్షణాలే ఇప్పుడు మీ ఇద్దరిలోనూ చూస్తున్నాను అన్నాడు.