లేమికి ప్రమాణం: ఈప్రామ్ రాతదోషాలపై ఒక తాత్త్విక విచారణ

ఒక వస్తువు ఉన్నదని తెలియడానికి ఏ ప్రమాణం, అంటే జ్ఞానసాధనం, చాలునో, లేదని తెలియడానికీ అదే చాలునా అన్న ప్రశ్నపై నైయాయికులకూ భాట్టమీమాంసకులకూ మధ్య శతాబ్దాల తరబడి వాదం నడిచింది. అభావం, అంటే వస్తువు లేకపోవడం, అనుపలబ్ధి, అంటే కనబడకపోవడం, అనే ప్రత్యేక ప్రమాణం వల్లనే తెలుస్తుందని కుమారిలభట్టును అనుసరించే భాట్టులు వాదించగా, ఇంద్రియమే దానిని గ్రహిస్తుందనీ, అనుపలబ్ధి అందుకు సహకారి మాత్రమేననీ నైయాయికులు బదులిచ్చారు. అయితే వస్తువు కనబడకపోయినంత మాత్రాన అది లేదని తేలిపోదన్న విషయంలో ఇరుపక్షాలకూ భేదం లేదు. ఉంటే కనబడి తీరవలసిన పరిస్థితిలో కూడా కనబడకపోయినప్పుడే లేమి సిద్ధిస్తుంది. దీపం వెలిగే గదిలో కుండ కనబడకపోతే లేదనవచ్చును గాని, చీకటిగదిలో అలా అనడానికి వీలులేదు. యోగ్యానుపలబ్ధి అని శాస్త్రం పేర్కొన్న ఈ నియమానికి ఈప్రామ్ చిప్‌ను చెరిపి తిరిగి రాసే పనికి మించిన పరీక్షాస్థలం ఆధునిక యంత్రప్రపంచంలో అరుదు.

1971లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమన్ రూపొందించిన ఈప్రామ్, విద్యుత్తు ఆగిపోయినా రాసినది నిలుపుకొని, అతినీలలోహిత కాంతి సోకితే మరచిపోయే జ్ఞాపకచిప్. అందులోని ప్రతి కణంలోనూ నలుదిక్కులా ఆక్సైడ్ పొరతో కప్పబడిన ఒక తేలియాడే గేటు ఉంటుంది. మామూలు 5 వోల్టులకు మించిన ఒత్తిడి పెట్టినప్పుడు ఎలక్ట్రాన్లు ఆ పొరను దాటి గేటులో చిక్కుకుంటాయి. ఎలక్ట్రాన్లు చిక్కుకున్న కణం 0గానూ, ఖాళీ కణం 1గానూ చదవబడతాయి. కనుక రాయడమంటే 1ని 0 చేయడమే తప్ప 0ని 1 చేయడం కాదు. ఆ రెండవ పని చిప్ పైనున్న క్వార్ట్జ్ కిటికీ గుండా సుమారు 254 నానోమీటర్ల కాంతిని, దీపం బలాన్ని బట్టి పదిహేను ఇరవై నిమిషాలపాటు ప్రసరింపజేస్తే గాని జరగదు, అది కూడా చిప్ అంతటికీ ఒకేసారి జరుగుతుంది.

రాసే ముందు ప్రోగ్రామర్ అనే పరికరం బ్లాంక్ చెక్ చేస్తుంది, అంటే ప్రతి బైటూ ఎఫ్‌ఎఫ్‌గా, ఎనిమిది బిట్లూ 1గా ఉన్నాయో లేదో చదివి చూస్తుంది. ఇది లేమిని గురించిన జ్ఞానమే. దానిలోని లోపమూ అక్కడే పుడుతుంది. కాంతి చాలక కొన్ని ఎలక్ట్రాన్లు మిగిలిపోయిన కణం 5 వోల్టుల దగ్గర 1గానే చదవబడి, సరఫరా కొద్దిగా తగ్గగానే 0గా బయటపడవచ్చు, ఎందుకంటే మిగిలిన ఆవేశం ఆ కణం తెరుచుకొనే వోల్టేజిని పైకి జరిపి ఉంచుతుంది. అటువంటి చిప్ ఖాళీగా ఉన్నదని పరికరం చెప్పినప్పుడు అది అబద్ధమాడడం లేదు. చీకటిగదిలో కుండ లేదని చెబుతున్నది. అందువల్ల ఖాళీని తక్కువ వోల్టేజి దగ్గర, రాతను ఎక్కువ వోల్టేజి దగ్గర పరీక్షించడమే సరైన పద్ధతి. ఇంటెల్ ప్రవేశపెట్టిన వేగవంతమైన రాతవిధానంలో సరఫరాను 6 వోల్టులకు పెంచి, ఒక్కొక్క మిల్లీసెకను విద్యుత్ స్పందనం (పల్స్) ఇస్తూ, ప్రతి స్పందనం తరువాతా చదివి చూసి, సరిపోలిన పిమ్మట మరింత దీర్ఘమైన స్పందనాన్ని అదనంగా ఇవ్వడంలోని ఉద్దేశం ఇదే: అననుకూల పరిస్థితిలో నిలిచిన రాత అనుకూల పరిస్థితిలోనూ నిలుస్తుంది.

రాత తప్పినప్పుడు తప్పు స్వరూపాన్ని చూడకుండా మళ్లీ మళ్లీ రాయడం సర్వసాధారణమైన పొరపాటు. ఒక చిరునామాలో 3సి, అంటే 00111100 రాయవలసి ఉండగా 3ఇ, అంటే 00111110 చదవబడిందనుకుంటే, 0 కావలసిన ఒక బిట్టు 1గా మిగిలిపోయిందన్నమాట. ఆవేశం చాలలేదు గనుక మరికొన్ని స్పందనాలతో అది చక్కబడవచ్చును. అదే 38, అంటే 00111000 చదవబడితే, 1గా ఉండవలసిన బిట్టు 0 అయింది. ఎన్ని స్పందనాలిచ్చినా ఆ దోషం పోదు, చిప్ దీపం కిందికి వెళ్లవలసిందే. మొదటిది చేయవలసినది చేయకపోవడం, రెండవది ఉండకూడనిది ఉండడం. ధర్మశాస్త్రం అకరణానికీ నిషిద్ధకరణానికీ ప్రాయశ్చిత్తాలు వేరుగా విధించినట్లే ఇక్కడా పరిహారాలు వేరు.

దోషం ఎక్కడిదో తేల్చడానికి నైయాయికులు చెప్పిన అన్వయవ్యతిరేకాలే, అంటే ఇది ఉంటే అది ఉండడం, ఇది లేకుంటే అది లేకపోవడం అనే పరిశీలనే దారి. మంచి చిప్పులు వరుసగా ఒకే బిట్టు దగ్గర తప్పుతుంటే దోషం చిప్పులది కాక సాకెట్టుదో పరికరానిదో అయి ఉంటుంది; చిప్ మార్చగానే తప్పు పోతే ఆ చిప్‌దే. పేర్ల సామ్యం మరొక ఉచ్చు: 2732 రకం ఈప్రామ్‌కు రాత వోల్టేజి 25 కాగా 2732ఎకు 21, తరువాతి 27256కు 12.5. తక్కువ ఇస్తే రాత పడదు, ఎక్కువ ఇస్తే చిప్ కాలిపోతుంది.

ఇన్ని పరీక్షలూ దాటి, రాసినదీ చదివినదీ ఒక్కటేనని పరికరం ధ్రువీకరించిన తరువాత కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో తర్కసంగ్రహంలో స్మృతిని సంస్కారమాత్రం వల్ల, అంటే అనుభవం మిగిల్చిన ముద్ర వల్ల మాత్రమే, పుట్టే జ్ఞానంగా నిర్వచించి, యథార్థానుభవం నుండి పుట్టినది యథార్థస్మృతి, అయథార్థానుభవం నుండి పుట్టినది అయథార్థస్మృతి అని విభజించాడు. పరికరానికి అందించిన ఫైలే తప్పు చిరునామా నుండి మొదలైనదైతే, చిప్ ఆ తప్పును అణుమాత్రం తేడా లేకుండా భద్రపరుస్తుంది, వెరిఫై, అంటే చిప్‌ను ఫైలుతో పోల్చి చూడడం, విజయవంతమవుతుంది, బైట్లను కూడి చూసే చెక్‌సమ్ కూడా కలుస్తుంది. ఈ పోలిక విశ్వాసపాత్రతను నిర్ధారిస్తుంది, సత్యాన్ని కాదు. స్మృతిని ప్రమాణంగా అంగీకరించని నైయాయికుల నిర్ణయం ఎంత లోతైనదో ఇక్కడ స్పష్టమవుతుంది.

అయితే పరీక్షకు పరీక్ష ఏమిటని అడుగుతూ పోతే అనవస్థ, అంటే అంతులేని వెనుకడుగు వస్తుంది. జ్ఞానం స్వతఃప్రమాణమనీ, దానిని కొట్టివేసే బాధకజ్ఞానమో, అది పుట్టిన కారణంలో దోషమో కనబడేవరకు నమ్మవలసిందేననీ మీమాంసకులన్నారు. నైయాయికులు ప్రామాణ్యం బయటినుండే తెలుస్తుందని, ఆ జ్ఞానాన్ని నమ్మి చేసిన పని ఫలించడమే దానికి గుర్తు అని అన్నారు. చిప్‌ను యంత్రంలో పెట్టగా యంత్రం నడిస్తే రాత సరైనదని ఈ రెండవ మతం ప్రకారం అనుమానప్రమాణంతో తేల్చవచ్చును. కాని ఆ నడక ఏ బైట్లను చదివిందో వాటికే అది సాక్ష్యం. అత్యవసర సమయంలో మాత్రమే పనిచేసే భాగం ఏళ్ల తరబడి చదవబడకుండానే ఉండిపోవచ్చు, కాబట్టి సఫలప్రవృత్తి ఎంత గట్టి ప్రమాణమైనా తాను తాకని చిరునామాల విషయంలో అది మౌనమే. ఆ చోట్ల నైయాయికుడు కూడా, బాధకం ఇంకా కనబడలేదన్న మీమాంసకుని ఆధారంతోనే సరిపెట్టుకోవాలి, లేదా సరఫరాను అటూ ఇటూ మార్చి మొదటి బైటు నుండి చివరిదాకా మళ్లీ చదవాలి.