గట్టు మీది బంతిపువ్వు



నవంబరు 2వ తేదీ సకల మృతుల స్మరణ దినం. ఆనాడు కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ ప్రాంతాల విచారణలలో మనం సమాధులను శుభ్రపరచి, కొవ్వొత్తులు వెలిగించి, బంతిపూల దండలు వేస్తాం. ఇవే పూలను తంగేడు, గునుగు పూలతో కలిపి మన ఇరుగుపొరుగు ఆడపడుచులు బతుకమ్మను పేరుస్తారు. దసరాకు గుమ్మాలకు తోరణాలు కడతారు. ఈ మొక్క పుట్టిన మెక్సికో దేశంలోని కతోలికులు కూడా మృతుల పండుగకు ఇదే పువ్వుతో సమాధులను అలంకరిస్తారు.

అయితే బంతిపువ్వు నేర్పే గొప్ప పాఠం దండలో లేదు, చేను గట్టు మీద ఉంది.

పత్తి చేను చుట్టూ బంతి వేసే రైతును అడిగి చూడండి. శనగపచ్చ పురుగు తల్లి రెక్కలతో ఎగిరి వచ్చి, బంతిపూలకు ఆకర్షితమై వాటి మీదే గుడ్లు పెడుతుంది. రైతు ఆ గుడ్లనూ పురుగులనూ ఏరివేస్తాడు. పత్తికి రావలసిన దెబ్బను బంతి తాను తీసుకుంటుంది. అందుకే దానిని ఎర పంట అంటారు.

యేసు ప్రభువు కూడా నగర ద్వారం వెలుపలనే బాధలు అనుభవించారని హెబ్రీయుల లేఖ 13వ అధ్యాయం బోధిస్తున్నది. మనకు తగలవలసిన దెబ్బను ఆయన అంచున నిలబడి భరించారు.

మన సమాధుల తోటలో ఒక మూల దండ లేని సమాధి ఒకటి ఉండవచ్చు. 1997-98లో పురుగు తాకిడికి పత్తి పోయి, అప్పులు తీర్చలేక వరంగల్ జిల్లాలో ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ దుఃఖం మన జిల్లాలకూ తెలుసు. అటువంటి ఇంటివారు సిగ్గుతో తల వంచుకొని, తమ వారి పేరు పూజలో చదివించడానికి కూడా వెనుకాడుతారు. ప్రియులారా, వెనుకాడవద్దు. తమ ప్రాణం తామే తీసుకున్నవారి రక్షణ విషయంలో నిరాశ చెందరాదనీ, వారి కొరకు శ్రీసభ ప్రార్థిస్తుందనీ 1992 నాటి కతోలిక సత్యోపదేశం స్పష్టంగా చెబుతున్నది.

కాని మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ సహోదరుడు బ్రతికి ఉన్నప్పుడు అతని గట్టు మీద ఎవరు నిలబడ్డారు? షావుకారు వాకిట్లో నిలదీసిన రోజున మనం తలుపు వేసుకొన్నామా?

ఈ ఏడు మీ వారి సమాధికి తెచ్చిన పూలలో ఒక దండ ఆ మూలన ఉన్న సమాధికి ఇవ్వండి. ఆ సాయంత్రమే ఆ ఇంటికి వెళ్ళండి. అప్పు ఎంత మిగిలింది, పిల్లల ఫీజు కట్టారా అని ఆ తల్లిని అడగండి. చేయగలిగింది చేయండి. ఎండిన బంతిపూలను పారవేయకండి. వాటిలోనే విత్తనం ఉంటుంది. దాచి, తొలకరికి గట్టు మీద చల్లండి.

ప్రభువా, పొరుగువాని దెబ్బను పంచుకొనే మనసు మాకు దయచేయండి. మృతులకు నిత్య విశ్రాంతి నొసగండి. ఆమెన్.