వీరగల్లు మీద లేనివాడు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో గుడి ఆవరణల్లో, చెరువు కట్టల మీద, ఒక్కోచోట చేను గట్టున వీరగల్లులు, అంటే వీరుల స్మారక శిలలు, కనిపిస్తాయి. విల్లు ఎక్కుపెట్టినవాడో, కత్తి దూసినవాడో రాతిలో నిలబడి ఉంటాడు. కొన్ని రాళ్లమీద కింద యుద్ధం, నడుమ వీరుణ్ణి అప్సరసలు పైకి తీసుకుపోవడం, ఆ పైన కైలాసం. కొన్నింటికి ఊరివాళ్లు ఇప్పటికీ పసుపు కుంకుమలు పెడతారు. ఎవరి రాయి ఇది అనడిగితే మాత్రం చెప్పగలిగినవాళ్లు తక్కువ.

జవాబు చాలాసార్లు ఆ రాతిమీదే ఉంటుంది. మదనపల్లె పక్కనున్న చిప్పిలి ఒకప్పుడు వైదుంబ రాజుల రాజధాని. తొమ్మిది, పది శతాబ్దాల నాటి వాళ్ల శాసనాల్లో సోరెమడి యుద్ధం మళ్లీ మళ్లీ వస్తుంది. వైదుంబ గండత్రినేత్రుడు, బాణరాజు ఒకవైపు, నొలంబులు, గంగరాజు రాచమల్లుడు మరోవైపు. ఆ పోరులో పడిపోయిన మామూలు బంటు పేరు కూడా ఆ శాసనాల వల్లే మిగిలింది. ఇంకొన్ని రాళ్లు ఊరి పశువులను తోలుకుపోతున్న వాళ్లకు అడ్డంపడి చచ్చిపోయినవాళ్లవి. కుటుంబానికి ఇచ్చిన భూమి వివరం, ఆ భూమిని కాజేసినవాడికి తగిలే పాపం కూడా కొన్నింటిమీద చెక్కారు.

ఒక్కటే లేదు: పోలిక. ఏ వీరగల్లు మీది ముఖమూ ఫలానా మనిషిదని చెప్పలేం. శిల్పి అందరికీ ఒకే ముఖం పెట్టాడు, మనిషిని అక్షరాలకు వదిలేశాడు. ఇప్పటి మనం దాన్ని సరిగ్గా తలకిందులు చేశాం. ఫ్లెక్సీ మీద ముఖం నిలువెత్తున ఉంటుంది, కింద పేరు, రెండు తేదీలు, ‘జోహార్’. ఎవరితో, ఎక్కడ, ఎందుకు పోరాడాడో ఉండదు.

వీరగల్లులో ఇంకో లోటు కూడా ఉంది. అది చచ్చినవాడికే. సోరెమడి నుంచి ప్రాణాలతో ఇంటికొచ్చి, ఒక చెయ్యి పోగొట్టుకుని, ఇంకో ముప్ఫై ఏళ్లు బతికినవాడికి రాయి లేదు. భగవద్గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడికి చూపిన దారులూ రెండే: చస్తే స్వర్గం, గెలిస్తే రాజ్యం. గెలిచి కూడా నిద్రపట్టనివాడి సంగతి అక్కడ లేదు. మహాభారతం ఆ సంగతి మరిచిపోలేదు. శాంతిపర్వం మొదట్లో ధర్మరాజు సింహాసనం వద్దంటాడు. కర్ణుడు తన అన్నేనని తెలిసినవాడు అడవికి పోతానంటాడు. తమ్ముళ్లు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు కలిసి నచ్చజెబితే గాని మనసు మార్చుకోడు. యుద్ధం చేసి వచ్చినవాడు ఏం మోసుకొస్తాడన్న ప్రశ్నను మన సాహిత్యంలో అంతకంటే సూటిగా ఎదుర్కొన్నవాడు అరుదు.

ఈ లోటు నేటికీ పూడలేదు. దేశంలో పరమవీర చక్ర అందుకున్నవాళ్లు 21 మంది. అందులో 14 మందికి ఆ గౌరవం మరణానంతరమే దక్కింది. 2019 ఫిబ్రవరిలో ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం పలకల మీద పాతిక వేలకు పైగా పేర్లున్నాయి, అన్నీ అమరులవే. కురబలకోట మండలం ఎగువరేగడకు చెందిన లాన్స్ నాయక్ సాయితేజ, జనరల్ బిపిన్ రావత్ భద్రతా సిబ్బందిలో ఒకడు. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి ఆయనతోపాటే పోయాడు. నాలుగు రోజులకు సైనిక లాంఛనాలతో సొంతూళ్లో అంత్యక్రియలు జరిగాయి. అది యుద్ధభూమి మరణం కాదు, విధి నిర్వహణలో మరణం. అలాంటి చావును పాతకాలపు శిల్పి ఏ అంతస్తులో చెక్కేవాడో ఊహించడం కష్టం.

బతికున్నవాడిని ఇంటికి వెళ్లి గౌరవించిన సందర్భాలూ లేకపోలేదు. 1971 యుద్ధంలో గూర్ఖా బెటాలియన్‌ను నడిపి మహావీర చక్ర అందుకున్న మేజర్ జనరల్ సి.వేణుగోపాల్ తిరుపతిలో ఉండేవారు. 2021 ఫిబ్రవరిలో, ఆ విజయానికి యాభయ్యో ఏడు జరుగుతుండగా, దాని గుర్తుగా ఊరూరా తిప్పిన విజయజ్యోతి వెంట అప్పటి ముఖ్యమంత్రి ఆయన ఇంటికి వెళ్లారు. హవల్దారుగా రిటైరై బ్యాంకు గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న మాజీ సైనికుడి దాకా ఆ జ్యోతి రాదు.

అలాంటివాళ్ల పటాలు మనమే వేసి గోడకు పెట్టొచ్చు. అయితే బొమ్మ గీయడమే మంచిపనా? ఈ ప్రశ్న వేయగల మనిషి మదనపల్లెలోనే పుట్టాడు. 1895లో అక్కడ పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువుగా నిలబెట్టాలని చూశారు. అందుకోసం పెట్టిన సంస్థనే 1929లో ఆయన రద్దుచేశాడు. ఎదుటి మనిషి గురించి మనసులో కట్టుకున్న ప్రతిమే ఆ మనిషిని చూడనివ్వదని జీవితమంతా చెప్పాడు. జాతీయవాదం యుద్ధానికి దారితీస్తుందనీ అన్నాడు. దండవేసిన సైనికుడి పటం ముందు ఆ మాట బాగా తగులుతుంది. మొక్కినవాడు ప్రశ్న అడగడు. అడగనప్పుడు పటంలోని మనిషి చెప్పేదేమీ ఉండదు.

అమెరికాలో స్టేసీ పియర్సాల్ చేసిన పనిలో దీనికి కొంత సమాధానం ఉంది. ఆమె వైమానిక దళంలో యుద్ధ ఫొటోగ్రాఫరు, ఇరాక్‌లో గాయపడింది. 2008లో, చికిత్సకు తిరుగుతున్న రోజుల్లో, తనలాంటి మాజీ సైనికుల ఫొటోలు తీయడం మొదలుపెట్టింది. అక్కడ పటంలోని మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడతాడు, ‘నేను వీరుణ్ణి కాను’ అని అడ్డుచెప్పగలడు. మాజీ అధ్యక్షుడు జార్జి బుష్ కూడా 2017లో సైనికుల వర్ణచిత్రాల పుస్తకం తెచ్చాడు. అయితే ఆ సైనికుల్ని అఫ్ఘానిస్తాన్‌కూ ఇరాక్‌కూ పంపిన ఆజ్ఞ ఆయనదే. పంపినవాడే కుంచె పట్టినప్పుడు ఏది చెప్పాలో, ఏది దాచాలో ఎవరు నిర్ణయిస్తారు? ప్రభుత్వ డబ్బుతో వేసే ఏ పటానికైనా ఈ అనుమానం తగులుతుంది.

అలాంటి పని మన దగ్గరా చేయొచ్చు. ఇక్కడి కలికిరిలో 2014 నుంచి సైనిక్ స్కూలు నడుస్తోంది. రేపటి అధికారులు అక్కడ చదువుతున్నారు, చుట్టుపక్కల ఊళ్లలో నిన్నటి జవాన్లు ఉన్నారు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెడితే పటంతో పాటు కథా పుడుతుంది. ఆ జవానుది ఏ రెజిమెంటు, ఏ సరిహద్దు, పక్కన పడిపోయింది ఎవరు, ఇల్లు చేరాక పెన్షన్ ఎలా వచ్చింది, పొలం ఎవరు చూశారు అన్నవి పటం కింద ఉండాలి. 2015లో ‘ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్’ కోసం మాజీ సైనికులు జంతర్ మంతర్ దగ్గర కూర్చున్న రోజులూ వాళ్ల సేవాకథలో భాగమే. ‘ఆ రాత్రి భయమేసింది’ అన్న వాక్యాన్ని ఎవరూ కొట్టేయకూడదు. చెప్పనంటే బలవంతపెట్టకూడదు కూడా.

1971లో ఇరవై ఏళ్లున్నవాళ్లు డెబ్బైల నడిమికి వచ్చారు. 1962, 1965 యుద్ధాలు చూసినవాళ్లు ఎనభైలకు అటూ ఇటూ ఉన్నారు. మొదట వాళ్ల ఇళ్లకే వెళ్లాలి. ఫొటో తీసే ముందు రికార్డింగు పెట్టి, వాళ్ల మాండలికంలో వాళ్లు చెప్పుకుపోతుంటే అడ్డురాకుండా వినాలి. రాసినదాన్ని వాళ్లకే చదివి వినిపించి, ఒప్పుకున్నాకే గోడకు తగిలించాలి.