కాలిన కుండ, కరగని ప్లాస్టిక్

పచ్చికుండ ఆవంలో కాలి ఎర్రబడినప్పుడు మారింది కుండా, దాని పరమాణువులా? భారతీయ దర్శనాల్లో దీనిపై తగవుంది. వైశేషికులది పీలుపాకవాదం: వేడికి కుండ పరమాణువులుగా విడిపోతుంది, వాటి రంగు మారాక కొత్త కుండ ఏర్పడుతుంది. నైయాయికులు ఒప్పుకోలేదు. నిప్పు మట్టిలోని సూక్ష్మరంధ్రాల గుండా లోపలికి వెళ్తుంది, కుండ చెక్కుచెదరకుండానే మారుతుందన్నారు. ఇది పిఠరపాకవాదం. కాలుతున్నంతసేపూ కుండ కంటికి కనిపిస్తూనే ఉంటుందిగా అన్నది వారి ఎదురుప్రశ్న, గట్టిదే.

ఫ్లోరిన్ ప్లాస్టిక్‌లకు వేడిని ఓర్చే శక్తి పెంచేచోట ఈ తగవు కొత్త రూపంలో కనిపిస్తుంది. విమానాల్లో తీగలకు తొడిగే ఈటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్ మామూలుగా 150 డిగ్రీల సెల్సియస్ వరకు నిలుస్తుంది. ఎలక్ట్రాన్ కిరణాలు తగిలిస్తే దాని గొలుసు అణువులు ఒకదానికొకటి అడ్డంగా ముడిపడతాయి. అప్పుడు 200 డిగ్రీలకూ పనికొస్తుంది. తొడుగు ఆకారం చెడదు. ఇక్కడివరకు గెలుపు నైయాయికులదే.

టెఫ్లాన్ కథ వేరు. గది వేడిమిలో కిరణాలు తగిలితే దాని గొలుసులు తెగి, సరుకు పెళుసెక్కుతుంది. ఆక్సిజన్ లేకుండా, కరిగే హద్దైన 327 డిగ్రీలు దాటించి అవే కిరణాలు పంపితే గొలుసులు ముడిపడతాయి. అంటే ముందు కరగాలి, తర్వాతే ముడిపడాలి: ఇది వైశేషికుల మాటకు దగ్గర.

రెంటిలోనూ కొన్ని పరమాణువులు ఊడిపోయినా మిగిలిన కార్బన్ కార్బన్‌గానే, ఫ్లోరిన్ ఫ్లోరిన్‌గానే ఉంటాయి. మారింది వాటి సంయోగం. అవయవాల కూర్పు మారితే అవయవి, అంటే వాటితో ఏర్పడిన మొత్తం వస్తువు, కొత్తదేనన్న వైశేషిక సూత్రం ఇక్కడ బలం పుంజుకుంటుంది: ముడిపడిన ఈటీఎఫ్ఈని మళ్లీ కరిగించి పోతపోయడం కుదరదు.