ఏమీ కాలేదు కదా అంటే సరిపోతుందా?



2023 ఏప్రిల్ 12న మన వైరా నియోజకవర్గంలోని చీమలపాడులో జరిగిన ఘోరం ఈ ప్రాంతంలో తెలియనివారు ఉండరు. కారేపల్లి మండలంలోని ఆ గ్రామంలో ఆ రోజు అప్పటి అధికార పార్టీ బి.ఆర్.ఎస్. ఆత్మీయ సమ్మేళనం జరుగుతున్నది. నాయకులకు స్వాగతం చెబుతూ కార్యకర్తలు టపాకాయలు కాల్చారు. నిప్పురవ్వలు సభకు దగ్గరలోని ఒక గుడిసె మీద పడ్డాయి. మంట ఆర్పుదామని జనం పరుగెత్తారు. ఇంతలో గుడిసె లోపలి గ్యాస్ సిలిండరు పేలింది. ప్రాణాలు పోయాయి. కాళ్లు పోగొట్టుకున్నవారు ఉన్నారు. గాయపడినవారిలో బందోబస్తుకు వచ్చిన పోలీసులు, వార్త రాసుకోవడానికి వచ్చిన విలేఖరులు కూడా ఉన్నారు.

అది రాజకీయ సభ, మన గుడి పండుగకూ దానికీ సంబంధమేమిటి అని మీరు అడగవచ్చు. నిప్పురవ్వకు పార్టీ సభ, పునీతుల పండుగ అనే తేడా తెలియదు. క్రీస్తు జయంతి రాత్రి, పాస్కా జాగరణ వేళ, విచారణ పండుగనాడు మరియమాత తేరు వీధిలోకి వచ్చినప్పుడు మన యువకులు కాల్చేవీ ఆ టపాకాయలే. పైగా మన పండుగల కాలం చూడండి. డిసెంబరులో ఏరిన పత్తి అమ్ముడుపోయేదాకా ఇంట్లోనో వసారాలోనో కుప్పగా ఉంటుంది. వానాకాలం వరి కోసి గడ్డివాములు కొత్తగా వేసి ఉంటారు. పాస్కా నాటికి మిరప కల్లాలు, ఎండిన తాటాకు కప్పులు. భద్రాచలం వైపు అడవి అంచు గూడేలలోనైతే కాలి కింద రాలిన ఆకు కూడా నిప్పు కోసం కాచుకొని ఉంటుంది.

విచారణ మండలి సమావేశంలో ఈ సంగతి ఎత్తగానే ఒక పెద్దాయన తప్పకుండా అంటాడు: “ఎన్నేళ్లుగా కాలుస్తున్నాం ఫాదర్, ఎన్నడన్నా ఏమన్నా అయిందా?” ఆ మాటతో చర్చ ముగిసిపోతుంది. ఈ వారం నేను పట్టుకోదలచినది ఆ ఒక్క మాటనే.

రెండు ఊళ్లు అనుకోండి. రెండు గుళ్ల ముందు ఇద్దరు యువకులు ఒకే రకం తారాజువ్వను, ఒకే సీసాలో పెట్టి, ఒకే గంటకు వెలిగించారు. ఇద్దరి ముందూ పూరిళ్లు ఉన్నాయి. ఒక ఊళ్లో గాలి చెరువు వైపు వీచింది, జువ్వ నీళ్లలో పడి ఆరిపోయింది. రెండో ఊళ్లో గాలి ఇళ్ల వైపు తిరిగింది, ఒక వితంతువు ఇల్లు కాలిపోయింది. రెండో యువకుణ్ణి పోలీసులు తీసుకుపోతారు, ఊరంతా తిడుతుంది. మొదటివాడు ఇంటికి పోయి కేకు తిని నిద్రపోతాడు. అతడు చేసినదేమిటి, రెండోవాడు చేయనిదేమిటి? ఇద్దరి మధ్య ఉన్న తేడా గాలి ఒక్కటే. దాన్ని వీచమని ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

నష్టపరిహారం సంగతి వేరు. ఇల్లు కాల్చినవాడు ఇల్లు కట్టించి ఇవ్వాలి, కాల్చనివాడికి ఆ భారం లేదు. నిర్గమకాండము 21వ అధ్యాయంలో ఈ న్యాయం ఉన్నది: గొయ్యి తవ్వి మూయకుండా వదిలినవాడు, అందులో ఎద్దో గాడిదో పడి చస్తే, దాని వెల యజమానికి చెల్లించాలి. ఇది జరిగిన తర్వాత చూసే లెక్క. దానికి తోడు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం తెరిచి చూడండి. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని, లేకపోతే ఎవరైనా పడి చస్తే ఆ రక్తాపరాధం ఇంటిని చుట్టుకుంటుందని అక్కడ ఉన్నది. ఈ ఆజ్ఞ ఎవరో పడేదాకా ఆగదు. పడేవాడు తెలివైనవాడా, తాగినవాడా, దొంగతనానికి వచ్చినవాడా అని అడగదు. పిట్టగోడ లేని మిద్దె మీద నూరేళ్లు ఎవరూ పడకపోయినా ఆ ఇంటివాడు నూరేళ్లూ ఆజ్ఞ మీరినట్టే. మన ఇద్దరు యువకులూ పాపసంకీర్తనానికి వస్తే చెప్పుకోవలసినది ఒకటే అని నా అభిప్రాయం. కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం కూడా ఐదవ ఆజ్ఞ కింద, తగిన గంభీర కారణం లేకుండా మరొకరిని ప్రాణాపాయానికి గురిచేయడం నైతిక ధర్మానికి విరుద్ధమని బోధిస్తుంది (2269). తాగిన మత్తులోనో వేగం మోజులోనో ఇతరుల భద్రతకు ముప్పు తెచ్చేవారిది పెద్ద దోషమని మరోచోట అంటుంది (2290). పండుగ రాత్రి మన గుళ్ల ముందు టపాకాయలు వెలిగించే చేతులలో కొన్నిటి పరిస్థితి ఏమిటో విచారణ పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక అనుమతి సంగతి. “స్టేషనులో చెప్పాం, ఎస్సై గారు సరే అన్నారు” అంటే పని అయిపోయినట్టేనా? చట్టం ఏం చెబుతున్నదో కనీసం తెలుసుకోవాలి కదా. శబ్దం చేసే బాణసంచాను రాత్రి 10 నుండి ఉదయం 6 దాకా కాల్చరాదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. 2018 అక్టోబరు 23న ఇచ్చిన తీర్పులో క్రిస్మసుకు, కొత్త సంవత్సరానికి ఒక సడలింపు ఇచ్చింది: రాత్రి 11.55 నుండి 12.30 వరకు. ముప్పై అయిదు నిమిషాలు! అదీ కాలుష్యం తక్కువగా ఉండే టపాకాయలే. వెయ్యివాలా వంటి వరుస టపాకాయలను పూర్తిగా నిషేధించింది. మన నడిరేయి దివ్యబలిపూజ చాలా గుళ్లలో ఒంటిగంటకు గాని ముగియదు. పూజ అయ్యాక బయటికి వచ్చి కాల్చే ప్రతి టపాకాయా గడువు దాటినదే. ఆసుపత్రికీ బడికీ చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలంలోనూ కాల్చరాదు. మన గుడి ఆవరణలో ఒక పక్క సిస్టర్ల బడి, మరో పక్క మందుల గది ఉండడం మామూలే. అంటే మనం గర్వంగా చెప్పుకొనే సేవలే మన ఆవరణను టపాకాయలకు పనికిరాకుండా చేస్తున్నాయి. నాకైతే ఇది చాలా బాగుంది అనిపిస్తుంది.

మతస్వేచ్ఛ పేరు చెప్పి తప్పించుకోవడానికి కూడా లేదు. ఇతరుల ప్రశాంతతకు భంగం కలిగిస్తూ ప్రార్థన చేయాలని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు 2000లో అన్నప్పుడు ఎదురుగా నిలబడ్డది చెన్నైలోని ఒక క్రైస్తవ సంఘమే.

అనుమతి కాగితం ఎందుకు ముఖ్యమో కేరళలోని పరవూరు చెబుతుంది. 2016 ఏప్రిల్ 10 తెల్లవారుజామున అక్కడి పుట్టింగల్ ఆలయంలో పోటాపోటీ బాణసంచా కాలుస్తుండగా నిప్పు నిల్వగదికి అంటుకొని 100 మందికి పైగా మరణించారు. ఆ పోటీకి జిల్లా అధికారులు అనుమతి నిరాకరించారు. గుడి పక్కనే కాపురముంటున్న ఒక వృద్ధురాలు ఏటా ఈ పేలుళ్ల బాధ భరించలేక అధికారులకు మొర పెట్టుకున్నది కూడా. ఆమె మాటా, కాగితం మాటా రెండూ చెవికెక్కలేదు. ఇతర మతస్థుల పండుగ అని మనం తల తిప్పుకోనక్కరలేదు. మెక్సికోలోని తుల్తెపెక్ కతోలిక పట్టణంలో బాణసంచా తయారీయే జీవనాధారం. అక్కడివారు పునీత జాన్ ఆఫ్ గాడ్‌ను తమ పాలక పునీతునిగా కొలుస్తారు. గ్రనాడాలో ఆసుపత్రి అంటుకున్నప్పుడు మంటలలోకి వెళ్లి రోగులను బయటికి మోసుకువచ్చిన మహనీయుడాయన. 2016 డిసెంబరు 20న, క్రీస్తు జయంతికి అయిదు రోజుల ముందు, అక్కడి బాణసంచా అంగడి పేలిపోయి 40 మందికి పైగా చనిపోయారు.

అయితే అనుమతి ఉన్నంత మాత్రాన మన బాధ్యత తీరదు. అధికారి సంతకం పెట్టేటప్పుడు గుడి వెనక సందులో ఎవరి పత్తి ఉన్నదో, ఎవరింట్లో నెల బాలింత ఉన్నదో, ఆ రాత్రి గాలి ఎటు వీస్తుందో ఆయనకు తెలియదు. అవి తెలిసినవాళ్లం మనం. పునీత పౌలు రోమీయులకు రాసిన లేఖ 13వ అధ్యాయంలో ప్రభుత్వానికి లోబడవలసినది శిక్షకు భయపడి మాత్రమే కాదు, అంతరాత్మ కోసం కూడా అని బోధిస్తాడు. అంతరాత్మ అడిగే ప్రశ్న సంతకంతో ఆగదు: సంబరం ఎవరిది, ప్రమాదం ఎవరిది? కాల్చేవాడికి ఆనందం, చూసేవాడికి వేడుక, మరి పూరింటివాడికి ఏమున్నది? అతణ్ణి ఎవరైనా అడిగారా? అతడు మన మతస్థుడు కాకపోతే మన పండుగలో అతని వాటా ఆ భయం ఒక్కటే.

అలాగని టపాకాయలే వద్దనే పక్షం కాదు నేను. ఏడాదంతా కూలికి పోయే కుటుంబంలో పిల్లలకు ఆ ఒక్క రాత్రి చిచ్చుబుడ్డి వెలుగు ఉండాలి. కాకరపువ్వొత్తి పట్టుకున్న పసిపిల్ల ముఖం చూసి కాదనగలవారెవరు? వెలుగునిచ్చేవి ఉంచుకొని పైకెగిరేవి, పేలేవి మానుకుంటే జయంతి మహిమకు లోటేమీ రాదు. ఖాళీ స్థలంలో, కరెంటు తీగలకు దూరంగా, పక్కన ఇసుక, నీళ్లు పెట్టుకొని, మత్తులో లేని ఇద్దరు పెద్దల చేతిమీదుగా జరగాలి. మిగిలిన సరుకు కాల్చేచోట ఉండకూడదు. మరునాడు పొద్దున్నే పేలని టపాకాయలు ఏరుకొని మందు రాల్చుకొనే పిల్లలను మరచిపోకండి. రాత్రే వాటిమీద నీళ్లు పోసి ఊడ్చివేయండి.

ఈ ఆగమన కాలంలో విచారణ మండలులు సమావేశమైనప్పుడు ఖర్చుల పద్దులో టపాకాయల వరుస వస్తుంది. దాని దగ్గర కాసేపు ఆగి, దరఖాస్తు ఎవరు రాస్తారో, గుడి చుట్టుపక్కల ఇళ్లకు ముందుగా ఎవరు వెళ్లి అడుగుతారో పేర్లు రాసుకోండి. ఎవరింటివారైనా వద్దంటే, ఆ మాట కూడా పుస్తకంలో రాయండి.